ఓడ బయల్దేరాక మారిన రూలు

బూటు బురదలో ఉండిపోతుంది.

కళ్యాణి ఆగదు. ఒంటి బూటుతోనే పరిగెత్తుతుంది.

ముందు ఒక మనిషి. నీళ్లు చిమ్ముకుంటూ, పడుతూ లేస్తూ మడచెట్ల వైపు పోతున్నాడు. వెనక హవల్దార్ దానయ్య చేతిలో టార్చి ఊగుతోంది. ఆ వెనక రోడ్డు మీద పికప్ వ్యాన్... తలుపు బార్లా తెరిచి ఉంది, ఇంజన్ ఇంకా ఆగలేదు.

"కస్టమ్స్! ఆగు!"

వాడు ఆగడు.

సిప్పీఘాట్‌లో చీకటి పడి చాలాసేపైంది. అండమాన్‌లో ఐదున్నర దాటితే వెలుగుండదు. పోర్ట్‌బ్లెయిర్ ఊళ్లో ఈపాటికి దుకాణాలు కళకళలాడుతుంటాయి, టీకొట్ల దగ్గర జనం నిలబడి ఉంటారు. ఇక్కడ మాత్రం అర్ధరాత్రిలా ఉంది. సునామీ నాడు లోపలికొచ్చిన సముద్రం తిరిగి వెళ్లకుండా ఉండిపోయిన పొలాలివి. వరి పండినచోట ఉప్పునీళ్లు. నీళ్ల అంచున మడచెట్లు. వాటి మధ్య క్రీక్, సముద్రపు పాయ.

క్రీక్‌లో మొసళ్లు.

ఆ సంగతి ఆమెకి తెలుసు. పరిగెత్తేవాడికీ తెలుసు. తెలిసీ అటే పోతున్నాడంటే... మొసలికంటే పెద్ద భయమేదో వాణ్ని తరుముతోంది.

"మేడమ్, నీళ్లలోకి ఎల్లకండి" అంటున్నాడు దానయ్య వెనక నుంచి. "బస్ కరో మేడమ్. ఆడే ఒస్తాడు."

ధబ్...

ముందువాడు పడ్డాడు. నడుం దాకా నీళ్లలో. లేవబోయాడు. లేవలేకపోయాడు. మడచెట్టు వేళ్లలో కాలు ఇరుక్కుంది.

అవతలి గట్టు మీద నుంచి ఏదో బరువైనది నీళ్లలోకి జారిన చప్పుడు.

టార్చి అటు తిరుగుతుంది.

రెండు ఎర్రటి చుక్కలు. నీటికి బెత్తెడు పైన.

కదులుతున్నాయి!

కళ్యాణి ఆలోచించదు. నీళ్లలోకి దిగి వాడి కాలరు పట్టుకుంటుంది. లాగుతుంది. రాదు. వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, వేరు ఎక్కడుందో తడిమి, కాలిని పక్కకి తిప్పుతుంది. వాడు అమ్మా అని అరుస్తాడు. దానయ్య లాఠీతో నీటిని బాదుతున్నాడు, బూతులు తిడుతున్నాడు, దేవుణ్ని పిలుస్తున్నాడు... అన్నీ ఒకేసారి.

కాలు ఊడి వచ్చింది.

ముగ్గురూ గట్టు మీదికి పాకి, బురదలో వెల్లకిలా పడ్డారు.

ఎర్రటి చుక్కలు ఆగాయి. కాసేపు చూశాయి. మునిగిపోయాయి.

ఆమె పక్కకి తిరిగి వాడి మొహం మీద టార్చి వేసింది. నలభై దాటినవాడు. బాగా తెలిసిన మొహం. బాబ్జీ... డైరీ ఫార్మ్ పేటలో అందరి సామాన్లూ మోసే పికప్ డ్రైవరు.

"బతికించావు దీదీ" అన్నాడు రొప్పుతూ.

"ఎందుకు పారిపోయావ్?"

వాడు వ్యాన్ వైపు చూశాడు.

వ్యాన్ వెనక బస్తాలు. దానయ్య ఒకదాని మూతి విప్పాడు. వక్కలు. పొగ వాసన, కాల్చిన వాసన.

"ఫెరార్గంజ్ తోటల సుపారీ దీదీ" అన్నాడు బాబ్జీ. "ఇక్కడి సరుకే. నాకేటీ తెలీదు. భాడాకి, కిరాయికి ఒచ్చాను, బస్."

కళ్యాణి బస్తా అడుగున చెయ్యి పెట్టింది. తడి. వేలు నాలిక మీద ఆన్చుకుంది.

ఉప్పు.

"ఫెరార్గంజ్ తోటల్లోకి సముద్రం ఎప్పుడొచ్చింది బాబ్జీ?"



ఆమె కస్టమ్స్‌లో ఇన్‌స్పెక్టర్. ఈ మధ్య ఆఫీసులో ఏ ఫైలు తెరిచినా వక్కే. విదేశాల నుంచి వచ్చే వక్క మీద సుంకం ఎలాగూ ఎక్కువే. దానికి తోడు ప్రభుత్వం ఒక కనీస ధర పెట్టింది. అంతకంటే చవగ్గా కొన్న వక్క దేశంలోకి రాకూడదు. ఇక్కడి రైతు బతకాలి కదా. కానీ వేయించిన వక్కని ఆ రూలు వదిలేసింది. వ్యాపారులు ఆ సందులోంచి దూరారు. పచ్చి వక్కని కాస్త పొగపెట్టి, వేయించిందని రాసి, ఓడలకి ఓడలు దించారు.

తర్వాత ఢిల్లీ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. వేయించినా సరే, నిషేధం.

ఆ సందు మూసుకుపోయింది. అప్పటికే ఓడలెక్కిన సరుకు మాత్రం సముద్రం మీద ఉండిపోయింది.

ఇదిగో, అందులో కొంత తన కాళ్ల దగ్గర ఉంది. రాత్రిపూట దీవుల్లో దించి, ఇక్కడి తోటల వక్కలో కలిపేస్తారు. అండమాన్ సరుకని చెప్పి చెన్నై పంపిస్తారు. దేశంలోపలి సరుకుని కస్టమ్స్ ఎందుకు ఆపుతుంది?

"ఎవరిది?" అంది.

"దీదీ..."

"ఎవరిది బాబ్జీ?"

జవాబు వాడి నోటి నుంచి రాలేదు. ఆమె ఫోన్ మోగింది.

"కళ్యాణి మేడమ్... నేను ఉమేష్‌ని. డైరీ ఫార్మ్ ఉమేష్."

ఆమెకి తెలుసు. లైసెన్సు ఉన్న దిగుమతిదారు. ఏ కాగితం అడిగినా ఆ రోజే తెచ్చి ఇచ్చే మనిషి.

"నీ పేరే అడుగుతున్నాను, నువ్వే చేశావు. చెప్పు."

"సరుకు నాదే మేడమ్. ఒప్పుకుంటున్నా. బాబ్జీని వదిలెయ్యండి, ఆడు కిరాయి మనిషి. మీరు వెంటపడ్డారని వ్యాన్‌లోంచే నాకు ఫోన్ చేశాడు."

ఇంత తొందరగా ఒప్పుకున్నవాణ్ని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"ఐతే ఆఫీసుకి రా."

"వస్తాను. కానీ ముందు వాట్సాప్ చూడండి. ఇప్పుడే ఒక వీడియో పంపాను. మీరు చూడాల్సిందే."

ఫోన్ పెట్టేశాడు.

ఆమె బురద వేలితో స్క్రీన్ నొక్కింది. తెరుచుకోలేదు. వేలు తుడుచుకుని మళ్లీ నొక్కింది.

తక్కువ వెలుగు. ఒక చెక్కగోడ. గోడకి ఆనుకుని ఒక మనిషి. చేతులు వెనక్కి. పెదవి చిట్లి ఉంది. పక్కన ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడు తుపాకీ గొట్టాన్ని అతని కణతకి ఆనించాడు. వచ్చీరాని హిందీలో ఎవరో అంటున్నారు... పైసా లావో. అకేలా ఆవో. నహీతో ఆద్మీ ఖతమ్.

కూర్చున్న మనిషి తల ఎత్తాడు.

పెద్దబ్బాయి.

ఆమె అన్న.

ఫోన్ చేతిలోంచి జారింది. దానయ్య వంగి అందుకున్నాడు.

*

జంగ్లీఘాట్ జెట్టీ. చేపల బోట్ల మధ్య కస్టమ్స్ పెట్రోల్ బోటు. దాని ముందు సూపరింటెండెంట్ గణేశ్వరరావు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. గొంతు పెంచడు.

ఆయన ఎదురుగా ఉమేష్. భుజాన బ్యాగ్. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"మొదటినుంచి చెప్పు" అన్నాడు గణేశ్వరరావు.

"సరుకు చెన్నై పోవాలి సార్. ఓడ బయల్దేరాక రూలు మారింది. బ్యాంకు ద్వారా ముందే కాంట్రాక్టు రాసుకున్నవాళ్లకి మినహాయింపు ఇచ్చారు. నేను నోటిమాట మీద కొన్నా. ఎప్పుడూ అలాగే కొనేవాణ్ని. చెన్నైలో దించితే జప్తు. వెనక్కి పంపిస్తే అమ్మినవాళ్లు తీసుకోం అన్నారు. బుద్ధి తక్కువై... ఇక్కడ దింపుదామనుకున్నా."

"పెద్దబ్బాయి ఎలా వచ్చాడు ఇందులోకి?"

ఉమేష్ కళ్యాణి వైపు చూడలేకపోయాడు.

"నేనే అడిగా సార్. చిన్నప్పటి నుంచి తెలిసినోడు. రట్‌ల్యాండ్ దీవి అవతల ఓడ ఆగితే, తన చిన్న ఇంజన్ డోంగీలో సరుకు తెచ్చి క్రీక్‌లో పెట్టాలి. మొదటి విడత వచ్చింది. రెండోదానికి ఎల్లినప్పుడు ఓడవాళ్లు పట్టుకున్నారు. రూలు మారాక రిస్కు పెరిగింది, ఇంకా డబ్బు కావాలంటున్నారు. తెచ్చేదాకా మనిషిని వదలరంట."

"పోలీసులకి చెప్పావా?"

"ఏమని చెప్పను సార్? నిషేధించిన సరుకు తెప్పించుకున్నాను, దొంగలు మోసం చేశారు, న్యాయం చెయ్యండి అనా?"

జెట్టీ స్తంభాలకి నీళ్లు కొట్టుకుంటున్నాయి.

"కోస్ట్ గార్డ్‌తో మాట్లాడాను" అన్నాడు గణేశ్వరరావు. "దగ్గర్లో ఉన్న ఓడ వచ్చేసరికి తెల్లారుతుంది."

"తెల్లారేదాకా ఆగరు సార్" అన్నాడు ఉమేష్. "ఈ రాత్రే రమ్మన్నారు. రట్‌ల్యాండ్ దగ్గరికి నేను డోంగీలో పోవాలి. ఆళ్ల డోంగీ ఎదురొస్తుందంట. ఇంకో బోటు కనపడితే..."

వాక్యం పూర్తి చెయ్యలేదు.

కళ్యాణి ముందుకొచ్చింది. "సార్."

"సరుకు వదలమని మాత్రం అడక్కు. ఒక్క గింజ కదిలినా నువ్వూ నేనూ ఇద్దరం లోపలే."

"సరుకు అడగట్లేదు సార్. బోటు అడుగుతున్నాను."

ఆయన ఆమెని పరీక్షగా చూశాడు. బురద ఎండిన యూనిఫాం. ఒక కాలికి బూటు, ఒక కాలికి ఎవరిదో హవాయి చెప్పు.

"బోటు నేను తెస్తాను" అన్నాడు చివరికి. "లైట్లు ఆర్పి దీవి చాటున ఉంటాను. నీ టార్చి వెలిగితేనే బయటికొస్తాను. నువ్వు డోంగీలో టార్పాలిన్ కింద. దానయ్య నడుపుతాడు, లుంగీ కట్టుకుని. పిస్టల్ ఉందా?"

"ఉంది సార్."

"అక్కడున్నది నీ అన్న. చెయ్యి వణుకుతుందా? వణికితే ఇప్పుడే చెప్పు."

"వణకదు సార్."

అబద్ధం. అప్పుడే వణుకుతోంది.

*

డోంగీ ఎక్కేముందు వదినకి ఫోన్ చేసింది. ఏమీ తెలియనట్టు మాట్లాడాలి.

"వదినా, అన్న ఉన్నాడా?"

"లేడమ్మా. నిన్న పొద్దునే ఏటకెల్లాడు, శివాజీ ఆడూ ఇద్దరూను. ఎప్పుడొస్తాడో సెప్పనేదు" అంది కనకలక్ష్మి. శివాజీ పెద్దబ్బాయి డోంగీలో భాగస్తుడు. "ఏటి, ఈయేలప్పుడు సేసేవు?"

"ఊరికే."

"ఊరికే నువ్వు ఫోన్ సెయ్యవు కళ్యాణీ."

ఆమె మాట మార్చింది.

"పిల్లలు తిన్నారా?"

"తిన్నారు. మీ అన్నకే ఈమధ్య తిండి మీద ధ్యాస నేదు. పెద్ద బోటు కొంతానంటాడు. రెండింజన్లదంట. ఎలాగయ్యా అంటే నవ్వుతాడు. నువ్వైనా అడుగమ్మా ఒకసారి."

"అడుగుతాను వదినా."

ఫోన్ పెట్టేసింది. దానయ్య ఇంజన్ లాగాడు. ఒకటి, రెండు... పట్టుకుంది.

*

టార్పాలిన్ కింద గాలి లేదు. చేపల నీచు, డీజిలు కంపు. ఆమె ఒక పక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. అంచు దగ్గర చిన్న చిరుగు. అందులోంచి ఉమేష్ వీపు, దాని అవతల చీకటి మాత్రమే కనిపిస్తున్నాయి.

దీవి చివరి కొన చిడియాటాపు దాటారు. అల పెద్దదైంది. డోంగీ పైకి లేచి దబ్బున పడుతోంది.

"ఉమేష్" అంది మెల్లిగా.

"మేడమ్."

"నువ్వు పారిపోవచ్చు కదా. పొద్దున ఫ్లైటెక్కితే ఎవరికి దొరుకుతావు? ఎందుకొచ్చావు?"



"నేను రమ్మంటే ఎల్లాడు మేడమ్. ఆడి చిన్నది నా కూతురి క్లాసే. రేపు స్కూలు గేటు దగ్గర ఆ పిల్ల కనపడితే నేనేం చెప్పాలి?" ఒళ్లోని బ్యాగ్ మీద చెయ్యి వేశాడు. "ఇల్లు రాసిచ్చేశాను. బ్యాగ్‌లో ఉన్నది ఆ డబ్బే. పోతే పోయింది. మనిషి దక్కాలి."

కళ్యాణి కళ్లు మూసుకుంది. ఈ మనిషిని రేపు పొద్దున తనే అరెస్ట్ చెయ్యాలి. నిషేధించిన సరుకు దొంగతనంగా దింపినందుకు.

సార్‌కి ఒక మెసేజ్ పెడదామని ఫోన్ తీసింది.

సిగ్నల్ లేదు.

మామూలే. చిడియాటాపు దాటితే ఏ కంపెనీ ఫోనూ పనిచెయ్యదు. చేపల ఏటకెళ్లే ప్రతి ఇంట్లోనూ ఇదే గోల. మనిషి తిరిగొచ్చి గట్టెక్కేదాకా ఫోన్ పలకదు. ఫోన్ జేబులో పెట్టుకోబోయింది...

చెయ్యి ఆగింది.

సిగ్నల్ లేదు.

"ఉమేష్... ఆ వీడియో ఎవరి నంబర్ నుంచి వచ్చింది?"

"పెద్దబ్బాయి నంబర్ నుంచే మేడమ్. వాట్సాప్‌లో."

"ఎక్కడి నుంచి పంపామన్నారు?"

"ఓడ మీంచే. రట్‌ల్యాండ్ అవతల..."

ఉమేష్ మాట మధ్యలో తెగింది. అతనికీ అర్థమైంది.

"ఆళ్ల దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటాది మేడమ్" అన్నాడు దానయ్య వెనక నుంచి, లోగొంతుతో.

"మా అన్న ఫోన్ శాటిలైట్ ఫోన్ కాదు దానయ్యా."

వీడియో పంపినప్పుడు ఆ ఫోన్ గట్టు దగ్గరెక్కడో ఉంది. అంటే మనిషిని గట్టు దగ్గరే దాచారా? లేకపోతే ఫోన్ మాత్రమే ఎవరైనా తెచ్చారా? ఏదో ఒకటి అయి ఉంటుంది. ఇంకో కారణమేదో ఉండే ఉంటుంది.

మూడో కారణం ఒకటి మెదడు అంచున కదులుతోంది. దాని మొహం చూడటానికి ఆమె ఒప్పుకోవడం లేదు.

"వెనక్కి తిప్పమంటారా మేడమ్?" అన్నాడు దానయ్య.

"ముందుకే పోనీ."

*

రట్‌ల్యాండ్ దీవి నల్లటి గోడలా పక్కన నిలబడింది. దానయ్య ఇంజన్ ఆపాడు. తలకి తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

డోంగీ అడుగున నీళ్ల గుడగుడ.

ఓడ లేదు.

చిరుగులోంచి కనిపించినంత మేరా చూసింది. దీపం లేదు, నీడ లేదు. సముద్రం ఖాళీగా ఉంది.

తర్వాత వినిపించింది... చిన్న ఇంజన్ చప్పుడు. గట్టువైపు నుంచే.

ఓడవైపు నుంచి కాదు.

ఒక డోంగీ చీకట్లోంచి ఊడిపడింది. ముక్కు దగ్గర ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడు. చేతిలో పొడుగాటి తుపాకీ. వెనక పడవ అడుగున ఒక మనిషి కూలబడి ఉన్నాడు. తల వేలాడుతోంది.

"పైసా" అన్నాడు గుడ్డవాడు. "ఫేంకో." ఇటు విసరమని గొట్టం ఊపాడు.

"ముందు మనిషిని చూపించు" అన్నాడు ఉమేష్. "ఆద్మీ దిఖావో. తర్వాతే బ్యాగ్."

"పైసా పహలే."

"కాదు. అతణ్ని చూడకుండా ఇవ్వను. కాల్చుకో."

టార్పాలిన్ కింద కళ్యాణి పిస్టల్ సేఫ్టీ తీసింది. ఆ చిన్న టిక్ చప్పుడు పిడుగులా అనిపించింది. ఎవరికీ వినపడలేదు.

గుడ్డవాడు వెనక్కి చూశాడు. కూలబడ్డ మనిషి తల ఎత్తాడు.

"ఉమేష్ భయ్యా" అన్నాడు నీరసంగా. "ఇచ్చెయ్ భయ్యా. ఇచ్చేస్తే రేపు వదిలేస్తారంట."

అన్న గొంతు. బతికే ఉన్నాడు. ఆమె ఛాతీలో ఏదో కరిగి కళ్లలోకి వచ్చింది.

"రేపు కాదురా. ఇప్పుడే. నాతోనే వస్తావు."

ఉమేష్ బ్యాగ్‌ని అవతలి డోంగీలోకి విసిరాడు. విసిరినవాడు ఆగలేదు. అల రెండు పడవల్నీ దగ్గరికి తోసింది. అంతే... అటు వంగి, పెద్దబ్బాయి భుజాల కింద చేతులు వేశాడు.

"లే. నేను పట్టుకుంటా. లేరా."

"వద్దు భయ్యా... వదులు..."

"చేతులు ఇటు తిప్పు. తాడు విప్పుతా."

ఉమేష్ చేతులు అతని వీపు వెనక్కి వెళ్లాయి. తాడు పట్టుకున్నాయి.

తాడు అతని చేతిలోకి ఊడి వచ్చేసింది.

ముడి లేదు.

ఉమేష్ ఆ తాడుని చూస్తూ ఉండిపోయాడు.

"కట్టలేదేంట్రా?" అన్నాడు. పిచ్చివాడిలా అడిగాడు. నిజంగానే తెలియనట్టు.

పెద్దబ్బాయి పెద్ద నిట్టూర్పు విడిచాడు. లేచి నిలబడ్డాడు. నీరసం లేదు, వంకర లేదు. నడుం సాపు చేసుకున్నాడు.

"సూడకుండా ఉండాల్సింది భయ్యా" అన్నాడు. "బ్యాగ్ పడేసి ఎల్లిపోతే ఐపోయేది."

"ఓడ..."

"ఓడ నిన్నే ఎల్లిపోయింది. మిగతా సరుకు కూడా దింపేసింది. నా దగ్గరే ఉంది."

గుడ్డవాడు ముఖం మీది గుడ్డ లాగేశాడు. శివాజీ.

"అన్నా, ఏం చేద్దాం ఇప్పుడు?" అన్నాడు శివాజీ. ఈసారి హిందీ లేదు. భయం మాత్రం ఉంది.

"నీ కోసం వచ్చాన్రా" అన్నాడు ఉమేష్. "ఇల్లు రాసిచ్చి వచ్చాను."

"తెలుసు భయ్యా." పెద్దబ్బాయి గొంతులో వెటకారం లేదు. అదే భయంగా ఉంది. "నువ్వు ఒస్తావని తెలుసు. పోలీసులకి సెప్పలేవని తెలుసు. ఆ రూలు ఒచ్చిన రోజే అనుకున్నాను. ఇంక నీ సరుకు ఎవడు తినేసినా నువ్వు నోరెత్తలేవు. జన్మంతా ఆ బుల్లి డోంగీలో వల లాగాలా నేను? నీకు మల్లే నాకూ ఒక అవకాశం."

"ఎవరికీ చెప్పను. పోనీ నన్ను."

"ఇప్పుడలా అంటావు."

చెయ్యి చాచాడు.

"శివాజీ. తుపాకీ ఇటియ్యి."

"అన్నా, వద్దు... డబ్బొచ్చింది కదా..."

"ఇయ్యి."

తుపాకీ చేతులు మారింది.

మూడో కారణం ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉంది. అన్న మొహంతో.

కళ్యాణి టార్పాలిన్ తోసేసి లేచింది.

"అన్నా."

ఒక్క మాట. ఆ చీకట్లో ఆ మాట చాలు. పెద్దబ్బాయి బిగుసుకుపోయాడు.

ఆమె ఎడమచేతి టార్చి వెలిగింది. వెలుగు సరిగ్గా అతని మొహం మీద పడింది. చిట్లిన పెదవి మీది రక్తం సగం కారిపోయింది. అది రక్తం కాదు. రంగు. ఆమె కుడిచేతిలో పిస్టల్.

"కళ్యాణీ..." కళ్లు చిట్లించాడు. "నువ్వేటే ఇక్కడ? డ్యూటీకొచ్చేవా?"

"నీ కోసం వచ్చాను. ఇప్పుడే డ్యూటీ మొదలైంది. తుపాకీ దించు."

దించలేదు. గొట్టం ఉమేష్ గుండెకి ఎదురుగా ఉంది. రెండు పడవల మధ్య బారెడు నీళ్లు కూడా లేవు. దూరంగా, దీవి చాటు నుంచి పెట్రోల్ బోటు ఇంజన్ మేల్కొంది. గణేశ్వరరావు టార్చి చూశాడు. కానీ దూరం. చాలా దూరం.

పెద్దబ్బాయికీ ఆ చప్పుడు వినపడింది.

"ఆళ్లు ఒచ్చేలోగా అయిపోద్ది" అన్నాడు తొందరగా, చెల్లెల్ని బుజ్జగిస్తున్నట్టు. "ఈడే మా మీదికి ఒచ్చాడని సెబుదాం. స్మగ్లరు. ఎవడు నమ్మడు? నన్ను కాపాడ్డానికి నువ్వు ఒచ్చేవు. అంతే కదా జరిగింది? కల్లు మూసుకో అమ్మా. ఒక్క నిమిసం. తర్వాత ఇద్దరం ఇంటికెల్లిపోదాం. వదిన అన్నం ఒండి ఉంటాది."

"అన్నా, దించు."

"నువ్వు నా మీద కాల్చవు."

అతను బెదిరించడం లేదు. నమ్ముతున్నాడు. చిన్నప్పుడు ఈ నీళ్లలోనే ఆమెని భుజాల మీద కూర్చోబెట్టుకుని ఈదిన మనిషి. ఆమె జ్వరంతో మూలుగుతుంటే ఏటకెళ్లకుండా పక్కన కూర్చున్న మనిషి. ఆ నమ్మకంతోనే ఆమె వైపు నుంచి చూపు తిప్పేసుకున్నాడు. వీపు సగం ఆమెకి ఇచ్చేశాడు.

ఉమేష్ కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కూతురి పేరేమో.

పెద్దబ్బాయి భుజం బిగిసింది. వేలు ట్రిగ్గర్ మీద వంగుతోంది...

అల పడవని పైకి ఎత్తింది.

దిగేదాకా ఆమె ఆగింది.

ఢాం!

దీవి మీద పక్షులు ఒక్కసారిగా లేచాయి. చప్పుడు నల్లటి అడవికి తగిలి తిరిగొచ్చింది.

ఉమేష్ తన గుండె తడుముకున్నాడు. ఏమీ లేదు. మళ్లీ తడుముకున్నాడు.

నీళ్లలో ఏదో బరువైనది పడింది. తుపాకీ.

పెద్దబ్బాయి తన కుడిభుజం వైపు చూసుకుంటున్నాడు, అది తనది కానట్టు. చొక్కా మీద నల్లటి మరక వెడల్పు అవుతోంది. మోకాళ్ల మీద కూలిపోయాడు. చెల్లెలి మొహంలోకి చూశాడు. నొప్పి కంటే ముందు ఆ కళ్లలో ఆశ్చర్యం.

శివాజీ ఎవరూ చెప్పకుండానే చేతులెత్తేశాడు. దానయ్య అవతలి డోంగీలోకి దూకి అతణ్ని బోర్లా పడుకోబెట్టాడు.

కళ్యాణి కూడా దాటింది. పిస్టల్ ఒరలో పెట్టింది. తలకి కట్టుకున్న స్కార్ఫ్ విప్పి, మడిచి, గాయం మీద రెండు చేతులతో అదిమిపట్టింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా వస్తోంది. ఇంకా గట్టిగా అదిమింది.

"కాల్చేసేవే" అన్నాడు అతను. చిన్నపిల్లాడిలా. "నన్నే కాల్చేసేవు."

పెట్రోల్ బోటు లైటు వచ్చి ఇద్దరి మీదా పడింది. ఇప్పుడు ఆమె చేతులు వణకడం లేదు.

"నిషిద్ధ సరుకు దొంగ దిగుమతి కింద నిన్ను అదుపులోకి తీసుకుంటున్నాను" అంది. "మిగతాది పోలీసులు చూస్తారు. మాట్లాడకు. మాట్లాడితే రక్తం ఎక్కువ పోతుంది... పెద్దబ్బాయీ."

పుట్టి బుద్ధెరిగాక అతణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.